ఇష్టపూర్వకంగా అన్న ఒక్క మాట

బైండరమ్మ గెలిచిన మొదటి గెలుపు ఒక నిఘంటువు. పధ్నాలుగు వందల పేజీల పుస్తకం. వెన్ను విరిగి, ఫారాలుగా మడిచి కుట్టిన కాగితాలు ఊడి, మున్సిపాలిటీ గ్రంథాలయం బల్లమీద దిక్కులేనిదానిలా పడి ఉండేది. ఇద్దరు పాత బైండర్లు దాన్ని చూసి చేతులెత్తేశారు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. పనిలో చేరి ఏడాదైనా పెద్ద బైండరు ఆమెను సూది ముట్టనివ్వలేదు. జిగురు ఉడకబెట్టడం, గది ఊడ్వడం, అంతే. ఐదో తరగతి చదివిన పిల్లకు పుస్తకాల పనేమిటని ఆయన వాదన. ఆయన సెలవు పెట్టిన తొమ్మిది రోజుల్లో ఆమె ఆ నిఘంటువును ఫారం ఫారంగా విప్పి, మైనం పూసిన దారంతో మళ్లీ కుట్టి, చెక్కల మధ్య బిగించి ఆరబెట్టింది. ఆయన తిరిగొచ్చి దాన్ని నడుమెత్తు నుంచి మూడుసార్లు నేలకేసి కొట్టాడు. ఒక్క కాగితం కదల్లేదు. నాలుగోసారి ఎత్తబోతుంటే, "పుస్తకం ఉన్నది చదవడానికండీ, కొట్టడానికి కాదు" అన్నది. ఆ రోజు నుంచి సూది ఆమెదే.

ఆ తరువాతి ముప్పై నాలుగేళ్లలో ఆమె చేసినవి చెప్పుకోకపోతే ఎవరికీ తెలియవు. వరదనీళ్లలో నానిన రెండువందల సంపుటాలను గదినిండా తాళ్లు కట్టి ఆరేసి బతికించింది. మున్సిపాలిటీ జనన రిజిస్టర్లన్నీ ఆమె కుట్టినవే. పట్నంలో పుట్టిన ప్రతివాడూ ఆమె దారం మీద వేలాడుతున్నవాడే. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచి డిగ్రీదాకా చదివించింది. ఒక్క పూట ఆలస్యంగా వచ్చిందని గానీ, ఒక్క అట్ట వంకరగా అతికిందని గానీ ఆమెను ఎవరూ మాట అన్నది లేదు.

సరిగ్గా ఆ పరువే ఆమె కొంప ముంచింది.

నిరుడు అక్టోబరులో పై అధికారి బైండింగు గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పాడు. దుకాణాల పన్ను తగ్గించారట. ఆదాయం పడిపోయిందట. అందుకని బైండింగు విభాగం ఎత్తేస్తున్నారట.

"తొలగించారని రాస్తే మీకే చిన్నతనం కదమ్మా. మీరే మానుకుంటున్నట్టు రాసివ్వండి. ప్రశంసాపత్రం ఇస్తాం, గోడగడియారం ఇస్తాం, గౌరవంగా ఉంటుంది."

తొలగించడమా? ఆమెనా? బైండరమ్మ కాగితం లాక్కుని, ముత్యాల్లాంటి అక్షరాలతో "నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టింది. గడియారం ఇంటికి తెచ్చిన వారానికే ఆగిపోయింది. ప్రశంసాపత్రం మాత్రం గోడమీద నిక్షేపంగా ఉంది.

పింఛను వయసుకు ఇంకా ఏడేళ్లుంది. పని పోయినవాళ్లకు ప్రభుత్వమిచ్చే భృతి ఒకటుంటుంది. అది వస్తేనే ఆమె ఉంటున్న ఒంటిగది ఆమెకు మిగిలేది. నోటుపుస్తకాలకు అట్టలు వేస్తే వచ్చేది ఉప్పుకూ పప్పుకూ కూడా చాలదు. మూడు నెలలు తిరగ్గా తిరగ్గా ఫిబ్రవరిలో ఒక ఉత్తరం వచ్చింది: "తమరు స్వయంగా ఉద్యోగం వదులుకొని, ఆదాయం లేని స్థితిని ఎంచుకున్నందున భృతికి అర్హులు కారు."

ఎంచుకున్నందున! ఆమె ఆ ఉత్తరం పట్టుకుని తిన్నగా తమ్ముడి దుకాణానికి పోయింది.

తమ్ముడిది కొళాయిల దుకాణం. పన్ను తగ్గిన సంబరంలో ముందు వైపు అద్దాల తలుపు పెట్టించాడు. మనిషిని చూడగానే దానంతటదే తెరుచుకుంటుంది. ఉత్తరం చదివి అతను పెదవి విరిచాడు.

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానక్కా. పేదరికం అనేది మనం ఎంచుకునేదే. ఇదిగో, నీ చేత్తో నువ్వే రాసిచ్చావు."

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! షాపుకొచ్చి బేరమాడి కొనుక్కున్నానట్రా పేదరికం? అరడజను ఇవ్వు, మంచి రంగు చూసి ఇవ్వు అన్నానా?"

"అది కాదక్కా. పన్ను తగ్గితే వ్యాపారం పెరుగుతుంది. వ్యాపారం పెరిగితే పనులు పుడతాయి. పైన ట్యాంకు నిండితే కింద కొళాయిలో నీళ్లు రావా?"

"నీ ట్యాంకు నిండి ఆర్నెల్లయింది. నా కొళాయిలో చుక్క పడలేదు. మధ్యలో వాల్వు ఎవడు తిప్పాడో కాస్త చూసి చెప్పు, నీ వృత్తే కదా!"

లోపలి నుంచి మరదలు నవ్వు వినిపించింది. తమ్ముడు బిల్లు పుస్తకం వెతుకుతున్నట్టు నటించాడు. పోతూ పోతూ బైండరమ్మ తెరుచుకున్న తలుపును చూసి, "నీకంటే ఇదే నయం. ఎవరొచ్చారో గుర్తుపడుతుంది" అన్నది.

భృతి ఆఫీసులో గుమాస్తా చిన్నవయసు పిల్ల, మంచిదే. అప్పీలు చేసుకోవచ్చు గానీ, ఆమె రాసివ్వకముందే విభాగాన్ని మూసేయాలని నిర్ణయించారని రుజువు కావాలన్నది.

"గదికి తాళం వేసుంది. పోయి చూడమ్మా."

"తాళం రుజువు కాదు పిన్నిగారూ. కాగితం ఉండాలి."

కాగితం కోసం మున్సిపాలిటీ రికార్డు గదికి పోతే, నిరుటి తీర్మానాల సంపుటం దొరకడం లేదు, వచ్చేవారం రండి అన్నారు. వచ్చేవారం పోతే ఆ వచ్చేవారం అన్నారు. మూడోసారికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. రికార్డు గుమాస్తాను, "కాస్త పక్కకు జరుగు నాయనా" అని తప్పించి, బీరువాల మధ్యకు నడిచి, పుస్తకాల వెన్నుల మీద చెయ్యి పోనిచ్చింది. నీలం గుడ్డ, తోలు మూలలు, వెన్ను పైకొసన రెండు దారపు ముడులు. ఆమె చివరగా కుట్టిన సంపుటం చేతికి తగిలింది.

రెండువందల పన్నెండో పేజీలో తీర్మానం ఉంది. సెప్టెంబరులోనే చేశారు: దుకాణాల పన్ను తగ్గింపు, ఆ లోటు పూడ్చడానికి బైండింగు విభాగం మూసివేత. ఆమె చేత కాగితం రాయించుకోవడానికి నెల ముందే! పని తెలిసిన బైండరు పేజీల అంకెలే చూసుకుంటుంది, అక్షరాలు కాదు. తనను ఇంటికి పంపే కాగితాన్ని తానే సూది గుచ్చి, బిగించి, వందేళ్లు చెక్కుచెదరకుండా కుట్టిపెట్టింది.

తీర్మానం వెనక వర్తక సంఘం అర్జీ జతచేసి ఉంది. అనవసరపు విభాగాలు ఎత్తేసి పన్ను తగ్గించమని కోరిన అర్జీ అది. కింద సంతకాల్లో ఏడోది, తోక పొడుగ్గా లాగినది, ఆమె పలకమీద చెయ్యిపట్టి దిద్దించిన చేతిరాత.

నకలు తీయించుకుని మళ్లీ అద్దాల తలుపు ముందుకు పోయింది. తమ్ముడు చూశాడు. మొహం పాలిపోయింది.

"చదవకుండా పెట్టానక్కా. అందరూ పెడుతున్నారని... పొరపాటైపోయింది."

"ఆహా! నువ్వు పెట్టిన సంతకం పొరపాటు. నేను పెట్టిన సంతకం ఎంపిక. అంతేనా?"

అతను నకలు తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"అప్పీలు పెట్టుకున్నాను. సోమవారం రాజధానిలో విచారణ ఉంది. మీ సంఘం అడిగినందుకే మా విభాగం మూతపడిందని నాకు రాసివ్వు."

"అలా రాసిస్తే సంఘంలో నా మొహం ఎలా చూపించనక్కా?"

"అద్దాల తలుపు పెట్టించుకున్నావుగా. దాని వెనక నుంచి చూపించు."

శనివారం పొద్దున ఆమె బస్సెక్కి కూర్చుంది. సంచిలో తీర్మానం నకలు, ఉత్తరం, గోడమీంచి దించిన ప్రశంసాపత్రం. బస్సు కదలబోయే ముందు తమ్ముడు ఆయాసపడుతూ వచ్చి కిటికీలోంచి కాగితం అందించాడు. వెనకే మరదలు నిలబడి ఉంది. ఆమె తరిమితేనే వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది. బైండరమ్మ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్లీ ఒకసారి చదివింది. డ్రైవరు హారను కొడుతున్నాడు.

"ఇదేమిట్రా, 'నా ఇష్టపూర్వకంగా రాసిస్తున్నాను' అని?"

"అలాగే రాస్తారు కదక్కా."

"ఆ మాట వల్లే కదరా నా బతుకు బస్సెక్కింది! కొట్టెయ్. మా అక్క అడిగితే రాశానని రాయి."

అతను బస్సుకే కాగితం ఆనించి, ఆ మాట కొట్టేసి, అక్క చెప్పినట్టే రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. ఆమె దాన్ని అడ్డంగా మడవకుండా, నలగకుండా, ప్రశంసాపత్రం అట్ట వెనక దాచుకుంది. బస్సు కదిలింది.

ఆమె గది తలుపుకు, నాలుగు మూలలా జిగురు రాసి, గాలికి ఊడకుండా అతికించిన చీటీ ఒకటుంది. నోటుపుస్తకాలు ఇచ్చినవాళ్లు కంగారుపడొద్దనీ, తాను విచారణకు వెళ్లాననీ, గది ఖాళీ చేయలేదనీ, ఎవరికీ అద్దెకివ్వొద్దనీ రాసి, కింద తారీఖు వేసింది: తిరిగి వచ్చేది మార్చి పంతొమ్మిది, బుధవారం.