మోచేతి పొడుగు రొయ్య

అమెరికాలోని ప్లేనోలో మా ఎదురింటి బాబాయిగారు ఎవరికి షేక్‌హ్యాండ్ ఇవ్వబోయినా ఆ చెయ్యి సగంలో ఆగి రొయ్య అయిపోయేది. "అయుత్థయ వెళ్తే ఇంకెక్కడా తినకోయ్," అంటూ మోచేతి నుంచి వేలికొసదాకా కొలిచి చూపించేవారు. థాయిలాండ్‌లోని ఆ పాత రాజధానిలో, ఏటి ఒడ్డున, ఏటి రొయ్యని నిలువునా చీల్చి నిప్పులమీద కాల్చే హోటలొకటి ఉందట. ఆయన వెళ్ళింది లేదు. ఇంటర్నెట్‌లో దాని ఫొటోలు చూసీ చూసీ కంప్యూటర్ తెరకే నీచు వాసన పట్టించారు.

రిటైరయ్యాక ఎట్టకేలకు దంపతులిద్దరూ వెళ్ళొచ్చారు. శిథిలమైన కోటల గురించి అడిగేంత తెలివితక్కువవాణ్ణి కాను నేను.

"తిన్నారా బాబాయిగారూ?"

ఆయన నోరు తెరిచేలోగా పిన్నిగారు వంటింట్లోంచి జవాబిచ్చేశారు. "బయటి తిండి ఈయనకి పడదు బాబూ. రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాను. గదిలోనే పప్పన్నం, ఆవకాయ. ఒక్కపూట కూడా ఇబ్బంది పడలేదు!"

బాబాయిగారు నా చెవిలో అన్నారు. "రూమ్ కరెక్ట్‌గా ఆ హోటల్‌కి ఎదురుగా బుక్ చేశానోయ్. కిటికీ తీస్తే రొయ్యలు కాల్చిన పొగ లోపలికొచ్చేది. ఆ పొగే నంజుకుంటూ పప్పన్నం తిన్నాను."

"ఈసారి వెళ్ళినప్పుడు తిందురుగాని."

"ఈసారికా?" పిన్నిగారు మెరిసిపోతూ ఓ అట్టపెట్టె మోసుకొచ్చారు. "ఇంకాస్త పెద్ద కుక్కర్ కొన్నాను బాబూ. ఇందులో సాంబారు కూడా అవుతుంది."

రొయ్యని కొలవడానికి లేచిన బాబాయిగారి చెయ్యి దారిలోనే ఆగి, ఆవిడకి బరువవుతుందని ఆ పెట్టెని అందుకుంది.