కంటి తెలుపు

మా పక్క గదిలో ఉండే మావయ్య మొన్న మంగళవారం పోయాడు. ఏక్‌బాల్‌పూర్‌లో మా వీధివాళ్లంతా ఏడ్చారు. నాకు మాత్రం ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనా నేనూ ఒకే పడవలో ఉన్నవాళ్లం. ఇద్దరి కడుపులోనూ ఉన్నది వేరేవాళ్ల లివరే.

ఆయనకు లివరు మార్చి ఐదేళ్లయింది. నాకు ఏడాది. మా తమ్ముడు తన లివరులో ముక్క ఇచ్చాడు. రక్తం గ్రూపు కలిసింది, సొంత తోబుట్టువు, ఇంకేం భయం అన్నాను. ఓడరేవు డాకులో ముప్పై ఏళ్లు బస్తాలు మోసిన మావయ్య నవ్వాడు.

"తమ్ముడని నీకు తెలుసు గానీ నీ ఒంటికి తెలీదు కదమ్మీ. డాకు గేటుకాడ దర్వాను లేడేటి? నిన్న పాసు సూపించినామని ఇయ్యాల ఒదిలేస్తాడా? మాత్రే మన పాసు. రోజూ సూపించాల."

పొద్దున ఎనిమిదింటికి ఇద్దరం మా మా గుమ్మాల్లో నిలబడి, ఒళ్లు ఆ లివరును తోసెయ్యకుండా ఆపే మాత్రలు వేసుకునేవాళ్లం. తర్వాత "కన్ను సూపించు" అని నా కింది రెప్ప లాగి వెలుతుర్లో చూసేవాడు. నేను ఆయనది చూసేదాన్ని. తెల్లగా ఉంటే ఆ రోజుకి గండం గడిచినట్టే. వీధివాళ్లు 'డాక్టర్ దాదా' అని ఆటపట్టించినా పట్టించుకునేవాడు కాదు. "బయం ఉండాలమ్మీ. బయం పోయిన్నాడు మాత్ర మర్సిపోతాం" అనేవాడు.

పోయిన నెల నల్లకళ్లద్దాలతో కనబడ్డాడు. కళ్లకలక, దగ్గరికి రాకు అన్నాడు. ఈ మాత్రలు మింగేవాళ్లకు ఏది అంటుకున్నా ఒక పట్టాన వదలదు. నమ్మి, కళ్లు చూసుకోవడం మానేసి, నా గుమ్మంలోనే నిలబడి మాత్ర వేసుకునేదాన్ని.

నిజం ఆయన పోయాక అత్త చెప్పింది. కళ్లు పచ్చబడ్డాయట. ఒళ్లు లివరును తోసేస్తోందని డాక్టర్లు అంటారని, మళ్లీ కోస్తారని హడలిపోయాడట. ఊరినుంచి కామెర్ల పసరు తెప్పించుకున్నాడు. పసరు తాగితే పథ్యం కదా, ఇంకో మందు ముట్టకూడదు. తొమ్మిది రోజులు గుమ్మంలో నా ఎదుట మింగినట్టు నటించి, మాత్రలు గుప్పిట్లోనే దాచుకున్నాడు.

"సెప్తే నువ్వు జడిసిపోతావన్నాడమ్మా" అంది అత్త.

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అయినా ఈ ఏడాది నేను బతికి ఉన్నది ఆయన చూపు చలవే.

నిన్న ఎనిమిదింటికి మాత్ర వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎటు కదలాలో తెలియలేదు. అత్త వచ్చి నా ముందు నిలబడింది. "కన్ను సూపించమ్మా" అని రెప్ప లాగింది. నా మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"తెల్లగానే ఉందా అత్తా?" అన్నాను.

"ఉండు," అంది. "ఇంకోపాలి సూడనీ."