రంగు నీళ్ల మొహమాటం

మా నాయన పట్టు నూలుకు రంగులు అద్దేవాడు. ఆయన కుడిచెయ్యి చూస్తే చాలు, ఆ వారం ధర్మవరం మగ్గాల మీద ఏ రంగు చీర ఎక్కుతోందో తెలిసిపోయేది. చిలకాకుపచ్చ చేత్తో అన్నం కలుపుకునేవాడు, నేరేడుపండు రంగు చేతులతో దేవుడికి దండం పెట్టుకునేవాడు. ఎంత తోమినా ఆ రంగు పోయేది కాదు. పోవాలని ఆయనకూ లేదు. కడిగితే పోయే రంగు అద్దేవాడూ ఒక మనిషేనా అనేవాడు.

పెరట్లో రేకుల షెడ్డు, అందులో పెద్ద రాగి గంగాళాలు, వాటి కింద పొయ్యిలు. నూలును ముందు సబ్బూ సోడా వేసి ఉడకబెట్టి జిగురు వదిలించాలి. తర్వాత రంగుపొడి, కాస్త ఆసిడ్ కలిపిన వేడి నీళ్లలో కర్రలకు వేలాడదీసి తిప్పుతూ ఉండాలి. పని అయ్యాక గంగాళం వంచితే, ఆ నీళ్లు మోరీలో పడి పెరటి గోడ పక్కనున్న గుంతలోకి పోయేవి. ఇల్లు కట్టేటప్పుడు గోడల కోసం మట్టి తవ్విన గుంత అది. వానకు నిండగా నేనెప్పుడూ చూడలేదు. గుంతలు వానకు నిండుతాయన్నది మా జిల్లా పిల్లలు పాఠంలో చదువుకునే విషయం.

ఎనభైల మొదట్లో చీరలకు గిరాకీ బాగా పెరిగింది. పొయ్యిలు ఆరేవి కావు, గుంత ఎండేది కాదు. ఒకరోజు ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయని నాయనను అడిగాను.

"భూమి తాగేస్తాదిలే మే. ఎన్నేండ్ల దప్పికో పాపం దానికి" అన్నాడు. చలివేంద్రం పెట్టిన ధర్మాత్ముడు మాట్లాడినట్టే మాట్లాడాడు.

కరువు కాలంలో నిండుగా ఉన్న గుంత పశువులను ఊరికే ఉండనిస్తుందా? మా పెరటికి వెనకవైపు గోడ లేదు, ముళ్లకంపే అడ్డం. ఒక మధ్యాహ్నం రెండు గొర్రెల మందలు ఆ కంప తోసుకుని వచ్చి గుంతలో దిగాయి. ఆ వారం నెమలికంఠం రంగు. దిగినవి మాసిన తెల్ల గొర్రెలు, ఎక్కినవి నెమళ్లు. ఎవరి మందో తెలియడానికి కాపరులు వాటి వీపుల మీద ఎర్రమట్టితో పెట్టుకున్న గుర్తులు ఒక్కటీ మిగల్లేదు. ఇద్దరు కాపరులూ ఒకే గొర్రెను చెరో చెవి పట్టుకుని లాగుతూ, ఇది నాదంటే నాదని మా పెరట్లో కొట్టుకునేంత పని చేశారు. గొర్రె మాత్రం ఎవరిదైనా ఫరవాలేదన్నట్టు నిలబడి ఉంది.

నాయన షెడ్డులోంచి వచ్చాడు. తప్పయిందంటాడేమో అనుకున్నాను. ఆయన వేళ్లు తడి చేసుకుని, గొర్రె ఉన్నిని రుద్ది, ఆ వేళ్లను కాపరుల ముఖాల ముందు పెట్టాడు.

"చూడండప్పా, రవ్వంతైనా వదిలిందా? అద్దకమంటే ఇది!"

కాపరులు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. గొర్రెలు గుంతలో దిగాయి గానీ నీళ్లకు మూతి పెట్టలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

గుంత పక్క గోడకు అవతల పెద్దమ్మ ఇల్లు. పెద్దమ్మ అంటే చుట్టం కాదు. వాళ్లు ముస్లింలు. వీధిలో చాలామందిమి ఆమెను అలాగే పిలిచేవాళ్లం, నాయన మాత్రం అక్కా అనేవాడు. ఆమె భర్త జట్కా తోలేవాడట. ఇంటి ముందు బండ పగలగొట్టించి బావి తవ్వించాడు. నీళ్లు పడిన కొన్నాళ్లకే ఆయన పోయాడు. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పవి, తియ్యటి నీళ్లున్నది ఆమె బావి ఒక్కటే. వీధంతా ఆ నీళ్లే తాగేది. ఎండాకాలంలో అడుగున చెంబెడు నీళ్లున్నప్పుడు కూడా ఆమె ఒక్కరి బిందెనూ వెనక్కి పంపలేదు.

"మా బావి నీళ్లు పోస్తే కందిపప్పు పొయ్యి మీద పెట్టి అట్ల తిరిగి ఇట్ల చూసేలోపు ఉడుకుతాది" అని కొత్తవాళ్లు ఎవరొచ్చినా చెప్పేది. ఆమెకు పొలం లేదు, ఒంటి మీద నగ లేదు. ఉన్న ఆస్తి ఆ బావీ, ఆ మాటా.

మా నాయన అద్దకానికీ ఆ నీళ్లే. ఉప్పునీళ్లలో పట్టు మెరవదు. అంటే గోడకు ఆ పక్క తోడి తెచ్చి, ఈ పక్క రంగు కలిపి గుంతలో పోసేవాడన్నమాట. ఈ పక్క పోసినవి ఆ పక్కకు పోతాయని ఎవరికీ తోచలేదు. మధ్యలో గోడ ఉంది కదా!

ఒక ఎండాకాలం పొద్దున అమ్మ బిందె దించి, నీళ్ల వంక చూసి, నాయనను కేకేసింది. నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి. నాయన గ్లాసులో పోసుకుని ఎండకు పెట్టి చూశాడు. ఆయన ముఖంలో మొదట కనిపించింది సంతోషమే.

"ఇంత పల్చనైనా నిలబడింది సూడు!" అన్నాడు. అని, గ్లాసు మెల్లగా కింద పెట్టేశాడు.

"అక్కకు చెప్పాల" అన్నాడు.

"పోయి చెప్పు" అంది అమ్మ.

"ఎట్ల చెప్పేది? ఇన్నేండ్లు లేదనకుండా నీళ్లిచ్చిన మనిషి. నీ బావి చెడిపోయిందని ముఖం మీద అంటారా ఎవరన్నా?"

బావి తనంతట తానే చెడిపోయినట్టు అన్నాడు. ఆ మాట నాకు అప్పుడే చురుక్కుమంది.

వీధి మొత్తానికి అదే మొహమాటం పట్టుకుంది. అన్నం గులాబీ రంగు, మజ్జిగ గులాబీ రంగు, ఉతికిన తెల్ల పంచెలు గులాబీ రంగు. వారం మారితే నారింజ. మడకశిర నుంచి ఒకరింటికి వచ్చిన చుట్టం రంగు ఇడ్లీలు చూసి ఇదేమని అడిగితే, "మా ఊర్లో ఇంతేనప్పా, తిను" అన్నారు. పెద్దమ్మ బావి కాదని ఇంకో చోటికి పోతే ఆమెకు అవమానం. పైగా దూరాన ఉన్న మునిసిపాలిటీ కొళాయికి పోవాలంటే ఆమె గుమ్మం ముందు నుంచే పోవాలి. కొందరు ఆడవాళ్లు బిందెల మీద పాత చీరలు కప్పుకుని, గుడ్డలు ఉతకడానికి పోతున్నట్టు పోయేవారు. ఒకామె నిండు బిందెతో తిరిగి వస్తూ పెద్దమ్మ కంటబడింది.

"బిందె చిల్లికి మాటు ఏపిచ్చుకొస్తాండా పెద్దమ్మా" అంది గబుక్కున. బిందెలోంచి నీళ్లు ఆమె చీర మీదికి కారుతున్నాయి.

"మాటు బాగా పడినట్ల లేదే మ్మా" అంది పెద్దమ్మ.

ఆమె పొద్దంతా బావి గట్టు మీదే కూర్చునేది. నీళ్లకొచ్చిన వాళ్లందరినీ నీళ్లెట్లున్నాయని అడిగేది. నాయనను మాత్రం వదలకుండా అడిగేది.

"ఏమప్పా, నీళ్లు ఎట్లుండాయి?"

"బాగుండాయక్కా."

"బాగుండాయా?"

"బో బాగుండాయక్కా."

నేనొకసారి ఉండబట్టలేక, "ఎర్రగా ఉండాయి పెద్దమ్మా" అనబోయాను. అమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లుకు ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఇంతలో పెద్దమ్మ కూతురు పురిటికి వచ్చి ఆడపిల్లను కనింది. పేరు పెట్టే రోజు వీధి మొత్తాన్నీ భోజనానికి పిలిచింది పెద్దమ్మ. తెల్లవారుతూనే సొరకాయ వేసి కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. పొద్దెక్కింది, పప్పు ఉడకలేదు. ఇంకిన్ని కట్టెలు తోసింది. అందరూ వచ్చి కూర్చున్నారు, విస్తర్లు వేశారు, పప్పు ఉడకలేదు. బిడ్డ నిద్రపోయి లేచింది, పప్పు ఉడకలేదు. ఇక లాభం లేదని అలాగే వడ్డించారు.

నోట్లో పెట్టుకుంటే గులకరాళ్లు. అయినా ఏ ఒక్కరూ నమలడం ఆపలేదు. పందిరి నిండా పటపటమని నమిలే చప్పుడు, మధ్యలో "రుచిగా ఉండాది పెద్దమ్మా", "వెన్న మాదిరి ఉండాది" అని మెచ్చుకోలు. పెద్ద పన్ను కదిలిన ముసలాయన ఒకాయన దవడ పట్టుకునే ఇంకొంచెం వెయ్యమన్నాడు. అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్నది మా నాయన. రెండోసారి వడ్డించుకుని, "నీ చేతి పప్పు తింటే ఇంగ ఏమీ వద్దక్కా" అన్నాడు. ఆసిడ్ నీళ్లలో పప్పు ఉడకదని ఆ పందిట్లో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పెద్దమ్మ గరిటెలోంచి పప్పు తీసి తనూ నోట్లో వేసుకుంది. కటుక్కుమంది. అందరం నమలడం ఆపేశాం. ఆమె గరిటె గిన్నెలో పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మరుసటి పొద్దున నాయన పార తీసుకుని గుంత పూడ్చాడు. మోరీని ఊరి బయట ఎండిపోయిన వాగువంకలోకి మళ్లించాడు. ఆ వంక అవతల ఎవరి బావులున్నాయో ఆయన అడగలేదు, మేమూ అడగలేదు. ఆయన గుంత పూడ్చి చేతులు కడుక్కునే సరికి గోడ అవతల చప్పుడు వినిపించింది. పెద్దమ్మ కూలివాళ్లను పిలిపించి బావి మీద కడప బండలు పరిపిస్తోంది. నాయన పరుగున వెళ్లాడు. ఆపుతాడనుకున్నాను. ఆయన పోయి ఒక బండకు భుజం పట్టాడు. ఊరికే నిలబడి చూస్తే బాగుండదని కాబోలు!

ఆ సాయంత్రం పెద్దమ్మ బిందె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఆమె ఇంకొకరి ఇంటికి బిందెతో రావడం వీధిలో ఎవరూ చూసి ఉండరు. బిందె కూడా చంకన పెట్టుకోలేదు, కొంగు కింద దాచుకుని వచ్చింది. అమ్మ కొళాయి నుంచి మోసుకొచ్చిన నీళ్లు అందులో వంచింది. నాకు ఏడుపు వచ్చింది. నాయన మీద పట్టరాని కోపం వచ్చింది.

ఆయన గోడకు ఆనుకుని, తన ఊదారంగు చేతులు చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. చివరికి బిందె దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నీ బావి చెడగొట్టింది నేనే. నా రంగు నీళ్లే."

పెద్దమ్మ ఆశ్చర్యపోలేదు. బిందె నిండేదాకా చూసి, చంకనెత్తుకుంది.

"నాకు తెల్దా అప్పా? ఎర్ర నీళ్లు తోడిన మొదటి దినమే తెలిసె" అంది. "గుంత ఆ పొద్దే పూడ్చింటే నీళ్లు తేటపడుతుండె. నువ్వే చెప్తావు, అంతవరకూ నేనెట్ల అడిగేదని ఊరికే ఉంటి."

నీళ్లు తొణక్కుండా మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.