క్లచ్ లేని కారుకు క్లచ్ జబ్బు

మా మామకు ఎడమ మోకాలు అరిగిపోయినప్పుడు, క్లచ్ తొక్కే పనే లేని ఆటోమేటిక్ కారు కొనమన్నది నేనే. నంద్యాలలో కార్ల కరెంటు పని చేసే అల్లుడి మాట కదా, ఆయన ఎదురు చెప్పలేదు. వారానికోసారి ఆళ్లగడ్డ నుంచి దర్జాగా వచ్చి, మా వీధి మొదట్లోంచే హారన్ కొట్టేవాడు.

నెల తిరక్కుండానే వచ్చి తాళం నా చేతిలో పెట్టాడు. “ఎంత దూరం పోయినా దీని ఇంజను అరుపు తగ్గల్యా. అమ్మేసి బస్సెక్కుతా.”

ఆ మోకాలితో ఆయన బస్సు మెట్లెక్కలేడు. ఎక్కితే మాత్రం మెట్టుకోసారి నన్ను తలుచుకుంటాడు. నిజం చెప్పొద్దూ, నాకు రెండోదే ఎక్కువ భయం.

స్కానర్ పెట్టి చూశాను. బండి వేగం అందుకున్నాక గేరుబాక్సులో ఒక క్లచ్ దానంతటదే పట్టుకోవాలి. అది పట్టుకోవడం లేదు, అందుకే ఆ అరుపు. ఆ మాటే చెప్పాను.

“క్లచ్చే లేదని కొనిపిస్తివి. ఇప్పుడు క్లచ్ పట్టుకోల్యా అంటాండావ్. యాడుండాదప్పా అది?”

“లోపలుంటాది మామా. కాలితో పన్ల్యా.”

“కొనేటప్పుడు ల్యా, చెడినప్పుడుండాది. బాగుండాది నీ ఇద్య.”

ఆయన్ను ఆళ్లగడ్డ రోడ్డు మీద నడపమని, స్కూటరుతో వెనకే వెళ్లాను. బ్రేకు లైట్లు ఒక్కసారీ ఆరలేదు. మామే తొక్కిపెట్టాడనుకుని తిట్టుకుంటూ ఆపించి చూస్తే, ఆయన కాలు బ్రేకు మీద లేనే లేదు. అయినా తొక్కినట్టే కారు కంప్యూటరుకు కబురు పోతోంది. బ్రేకు తొక్కినంతసేపూ ఆ క్లచ్ పట్టుకోదు మరి.

తలకిందులుగా స్టీరింగు కిందికి దూరాను. బ్రేకు స్విచ్ మీద, వైర్ల కట్టకు వేలాడుతూ ఒక దిష్టి నిమ్మకాయ! కుళ్లిన రసం స్విచ్ ప్లగ్గులోకి కారి, పిన్నులన్నీ చిలుము పట్టాయి. ఆ తడిలోంచే కరెంటు దాటుతోంది.

నాకు ఒళ్లు మండింది. “ఏ ఎదవ కట్నాడు మామా దీన్ని ఈడ? బుద్ధుండేవోడు చేసే పనేనా?”

కోద్దామని పట్టుకుంటే అది దారం కాదు, నల్ల టేపు. కొస లోపలికి మడిచి ఉంది. ఊరు మొత్తం మీద టేపు అలా మడిచేది నేనొక్కణ్ణే. కారు కొన్న రోజు, బయట కడితే మేకలు నమిలేస్తాయని, నేనే అక్కడ కట్టాను.

“చెప్పప్పా,” అన్నాడు మామ. “ఎవరా ఎదవ?”

ప్లగ్గు మార్చాను, క్లచ్ పట్టుకుంది, కారు మిగిలింది. ఇప్పుడు ఆ హారన్ వినిపిస్తే నాకు ఎంత సంతోషమో అంత సిగ్గు. గడప దాటకముందే మామ తన కూతురికి కేకేస్తాడు.

“పాపా, నిమ్మకాయలు దాచిపెట్టు. నీ మొగుడు ఇంట్లోనే ఉండాడు.”