మా తమ్ముడి గొంతు మారిన ఏడాది

కోరుట్లలో బండి మీద ఉల్లిగడ్డలమ్మే మా తమ్ముడు మహిపాల్‌కు మైకు అక్కర్లేదు. వాడు సందు మొదట్లో కేక వేస్తే సందు చివర ఆడవాళ్లు సంచులు వెతుక్కుంటారు. అలాంటివాడు పద్నాలుగో ఏట కొన్ని నెలలపాటు నోరు తెరవలేదంటే ఇప్పుడెవరూ నమ్మరు.

నేను పెద్దమనిషినైనప్పుడు మా ఊరు మేడిపల్లిలో వాడంతా వచ్చింది. పసుపు నీళ్లు పోశారు, కొత్త బట్టలు పెట్టారు, తృప్తిగా తిని వెళ్లారు. వాడు పెద్దవాడవుతుంటే మాత్రం ఎవరికీ పట్టలేదు. నూగు మీసం వచ్చింది, లాగులు పొట్టివయ్యాయి, గొంతు బొంగురుపోయింది. ఇది అందరికీ జరిగేదేరా అని చెప్పడానికి ఇంట్లో మగమనిషి లేడు. కరువుకు కల్లు గీసే తాళ్లు ఎండిపోయి మా బాపు సాయిలు దుబాయ్ వెళ్లాడు. వాడలో మిగతా మగవాళ్లదీ అదే దారి. మా అమ్మ బాలమణి అది జలుబనుకుని రోజూ మిరియాల కషాయం తాగించింది. గొంతు ఇంకా మొరటైంది.

నేను ఊరుకుంటానా? వాడు అన్నం పెట్టమన్నప్పుడల్లా, "అమ్మా, బర్రె అరుస్తుంది, గడ్డెయ్యి" అనేదాన్ని.

దాంతో వాడు నోరు కట్టేసుకున్నాడు. శుక్రవారాలు షాహిద్ భాయి కిరాణా కొట్టుకు బాపు ఫోన్ చేస్తే దగ్గరికే వచ్చేవాడు కాదు. అమ్మ ఏవో సాకులు చెప్పేది. చివరికి ఒకరోజు బాపు, "పోరడు నన్ను మర్శిండు. ఇంక నేనీడ ఎవలి కోసం కష్టపడాలె?" అన్నాడు.

అమ్మకు భయమేసింది. మరుసటి శుక్రవారం వాణ్ణి రెక్క పట్టి లాక్కెళ్లి ఫోను చెవికి ఆనించింది. నేనూ పక్కనే చెవి పెట్టాను.

"బాపూ, మంచిగున్నవా?" అన్నాడు వాడు.

"ఎవలు?" అన్నాడు బాపు.

"బాపూ, నేను మహిపాల్‌ను."

"మళ్లోసారి మాట్లాడు కొడుకా. అచ్చం మా బాపు గొంతే."

తాత చనిపోయినప్పుడు బాపుకు సెలవు దొరకలేదు. కడచూపు కూడా లేదు.

"ఏం మాట్లాడాలె?"

"ఒక్కసారి నన్ను పేరు వెట్టి పిలువు."

వాడు బిక్కమొహంతో నన్ను చూశాడు. తర్వాత కొట్టు దాటి రోడ్డు మీదికి వినిపించేలా, "ఓ సాయిలూ!" అన్నాడు.

"కన్నతండ్రిని పేరు వెట్టి పిలుస్తవారా!" అని అమ్మ వాడి వీపు మీద ఒక్కటి వేసింది.

ఫోనులో బాపు ఏడుస్తున్నాడు. "అస్తున్న బాపూ, అస్తున్న" అంటున్నాడు.