హోల్డాన్

మా ఆవిడ పదో తరగతి పరీక్ష కథ పెళ్లయిన నలభై ఏళ్లుగా సగంలోనే ఆగిపోయి ఉంది. ఆపింది నేనే. వత్సవాయిలో నందిగామ బస్సనుకుని వేరే బస్సెక్కానని ఆమె మొదలుపెడుతుంది. నేను ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. "ఆ రోజుల్లో వత్సవాయి నుంచి నందిగామకి డైరెక్టు బస్సెక్కడిది?" అంటాను. అక్కణ్ణుంచి మాట నా చేతికొస్తుంది, ఇక వదలను.

"ఒక్కసారి నోరు మెదపకుండా చివరిదాకా వినండి. నేనడిగేది అదొక్కటే," అంది పోయినేడు. తర్వాత తనే, "మీ వల్ల కాదులెండి," అంది.

ఆ 'లెండి' నాకు గుచ్చుకుంది. నందిగామ అవతల ఒక మామిడితోటలో పది రోజుల బౌద్ధ ధ్యాన శిబిరం పెడుతున్నారనీ, అన్నాళ్లూ ఎవరూ మాట్లాడకూడదనీ తెలిసి పేరిచ్చేశాను. బౌద్ధ స్తూపమున్న జగ్గయ్యపేటలో పుట్టినవాడికి అదెంత పని అనుకున్నాను.

తిరిగొచ్చాక పేటలో టీ బడ్డీ దగ్గర నేను చెప్పింది ఇదీ: మూడో రోజుకే నా మనసు కదలడం మానేసింది. ఒక ఉడుత వచ్చి నా ఒళ్లో కూర్చుంది. గురువుగారు ఆశ్చర్యపోయి నన్ను విడిగా పిలిపించుకున్నారు.

ఉడుత వచ్చిన మాట నిజమే, పక్కాయన తువ్వాలు మీదికి. గురువుగారు పిలిచిన మాటా నిజమే, నా గురక గురించి.

అసలు సంగతేమిటంటే, శ్వాసను గమనించమంటే నేను దానికి టిక్కెట్టు కొడుతూ కూర్చున్నాను. గాలి లోపలికొస్తే చిల్లకల్లు స్టాపు, బయటికి పోతే నవాబుపేట స్టాపు. అంబారుపేట చేరేసరికి బస్సు కిక్కిరిసిపోయేది. మోకాలి నొప్పి, మధ్యాహ్నం కూర ఏమిటన్న ఆలోచన, ఎప్పుడో సీటు కోసం నాతో పోట్లాడిన ముసలమ్మ, అందరూ ఫుట్‌బోర్డు మీదే. మధ్యలో ఖాళీ ఉంది, జరగండి జరగండి అని లోపల అరుస్తూనే ఉన్నాను. నాలుగో రోజు పొద్దున, హాలంతా కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు, ఇక తట్టుకోలేక పైకే అనేశాను.

"హోల్డాన్."

డ్రైవరుని బస్సు ఆపమని కండక్టరు వేసే కేక అది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. కానీ నా బస్సు ఆగింది. ఇంజనూ ఆగింది. టీ బడ్డీ దగ్గర గంటసేపన్నాను కానీ, నిలిచింది నాలుగు శ్వాసలు. ఐదోదానికి ఎవరో మళ్లీ రైట్ రైట్ అన్నారు. అయితేనేం, డెబ్భై ఏళ్లలో ఆ బండి ఆగడం అదే మొదటిసారి.

గురువుగారు నన్ను రెండోసారి పిలిచారు. "మంచి మాటండీ, వాడుకోండి. కాకపోతే లోపల వాడుకోండి," అన్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను.

"ఆ వత్సవాయి బస్సు సంగతి చెప్పు."

అనుమానంగా చూసింది. "నందిగామ బస్సనుకుని పేట బస్సెక్కా," అని ఆగింది, నా కోసం. డైరెక్టు బస్సు నా గొంతు దాకా వచ్చింది. హోల్డాన్ అనుకున్నాను.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?"

తల అడ్డంగా ఊపాను.

"ఏడుస్తుంటే కండక్టరు చూశాడు. పేటలో తనూ దిగి, నన్ను నందిగామ బస్సెక్కించి, ఈ పిల్లని బడి దగ్గర దించమని ఆ బస్సువాళ్లకి అప్పజెప్పాడు. పరీక్షకి పది నిమిషాలు ముందే వెళ్లా. మీ సంబంధం వచ్చినప్పుడు మా వాళ్లు వద్దంటే, కండక్టరైతే నాకిష్టమేనన్నది అందుకే." ఒక కాయ తుంచింది. "ఎంత బాగుండేవాడో మనిషి."

ఏ డిపో అన్న ప్రశ్న నాలుక చివర నిలబడింది. హోల్డాన్. హోల్డాన్. ఈసారి నాలుగు శ్వాసలు దాటాను, పది కూడా దాటాను.

"మొత్తం విన్నారే," అంది. చేతిలో కాయని తుంచడం మర్చిపోయి నన్నే చూస్తూ ఉండిపోయింది. మా పెళ్లిలో కూడా ఆమె నన్నలా చూడలేదు.

మర్నాడు కాఫీ తాగుతూ ఏ డిపో అని అడిగాననుకోండి. అది వేరే ట్రిప్పు.