ఆఖరి వరుసకు వినబడిన రాణి

నకిరేకల్‌కు దగ్గర్లోని ఆ నేతకార్ల ఊళ్ళో అండాలుకు సాయంత్రం ఏడున్నర అంటే పండుగే. పొద్దంతా ఆసు చట్రం మీద చీర నూలు తిప్పీ తిప్పీ జబ్బలు పీకుతున్నా సరే, సీరియల్ పాట మొదలవగానే పక్కింటి గోపమ్మవ్వను కేకేసి టీవీ ముందు చతికిలబడేది. అత్త కోడలి మీద చెయ్యెత్తితే ఈవిడ కళ్ళు చెరువులయ్యేవి. ఆ చెయ్యి చెంప మీద పడటానికి మూడు రోజులు పట్టినా విసుక్కున్న పాపాన పోలేదు.

అయితే ఆమె దగ్గర ఇంకో సంపద కూడా ఉంది. ఊరి నాటక సమాజం ఇరవై ఏళ్ళుగా రిహార్సల్ చేసేది ఆమె ఇంటి గోడకు అవతలి గదిలోనే. తాతలనాటి పద్యనాటకం, నిందపడి కోట విడిచిపోయే రాణి కథ. నూలు తిప్పుతూనే రాణి పద్యాలన్నీ ఆమె నోటికి పట్టేసింది. రాణి వేషం శ్రీశైలం కట్టేవాడు, మీసం నున్నగా గీయించుకుని మరీ. 2019లో అతనికి షాద్‌నగర్ కంపెనీలో కొలువు దొరికింది గానీ ఊరి జాతరలో ఆటకు సెలవు దొరకలేదు. ఆటకు ఇక ఎనిమిది రోజులే ఉంది. హార్మోనియం వాయిస్తూ నాటకం నడిపించే నరహరి తల పట్టుకుని కూర్చున్నాడు.

"నేను కడ్త రాణి" అంటూ అండాలు ఆ గది గడపలోకి వచ్చి నిలబడింది. మొగుడు మల్లయ్య నవ్వాడే తప్ప వద్దనలేదు.

మొదటి రిహార్సల్‌లోనే బోల్తా పడింది. రాజు వెళ్ళిపొమ్మనగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, మెల్లగా ముఖం అటు తిప్పింది, ఇటు తిప్పింది, బొటబొటా కన్నీళ్ళు కార్చింది. పద్యం మాత్రం గొంతులోనే ఇరుక్కుపోయింది.

నరహరి హార్మోనియం ఆపేశాడు. "వదినా, గిది టీవీ గాదు. నీ మొకం కాడికి కెమెరా రాదు గీడ. ఆఖరి వరుసల కూసున్నోళ్ళకు నీ కండ్లనీళ్ళు కనవడయి, పద్యమే ఇనవడాలె." ఆనక అసలు సంగతి చెప్పాడు. "మన ఊరి ఆటకు నువ్వే కట్టు. తెల్లారి నకిరేకల్ల ఆటకు మాత్రం నల్లగొండ ఆర్టిస్టమ్మకు చెప్పిపెట్టిన. ఆమెను రమ్మనాల్నా వద్దా అనేది నీ పద్యం ఇన్నంక చూస్త."

అండాలుకు రోషం పొడుచుకొచ్చింది. నకిరేకల్‌లో కూడా తనే రాణి కావాలి, అంతే.

మర్నాటి నుంచి గోపమ్మవ్వను వాడకట్టు చివర కూర్చోబెట్టి, తను ఇంటి ముందు నిలబడి పద్యం అందుకునేది. "ఇనవడ్తలేదు బిడ్డా" అనేది అవ్వ. మూడు రోజులు అదే మాట. నాలుగో రోజు అండాలుకు చిర్రెత్తి, ఏడుపును పక్కన పారేసి నిటారుగా నిలబడి పాడింది. చూస్తే, చిక్కుడుకాయలు తుంచుతున్న అవ్వ చేతులు ఆగిపోయాయి. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. అండాలు ఒళ్ళు పులకరించింది. టీవీలో ఆ కోడళ్ళే మన వంతు కూడా ఏడ్చేస్తారు. ఇక్కడ తను ఏడుపు మింగితేనే ఎదుటివాళ్ళకు కొంచెం మిగులుతుంది. ఆ సంబరంలో ఆ పద్యాన్ని ఇంకో నాలుగుసార్లు పాడేసింది.

ఆట రోజు రానే వచ్చింది. తెర సందులోంచి చూస్తే ఆడవాళ్ళంతా ముందు వరుసల్లోనే ఉన్నారు. కానీ టైము ఏడుంబావు. ఇంకో పావుగంటలో సీరియల్. వీళ్ళు లేచిపోతే తన గతేమిటి? అంతలోనే హార్మోనియం పిలిచింది. వెళ్ళింది, నిలబడింది, పాడింది. ఆఖరి రాగం తీసి కోట విడిచి తెర వెనక్కి వచ్చేదాకా ఒక్క మనిషి కదల్లేదు. ఏడున్నర ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలియదు.

"వన్స్ మోర్" అని ఎవరో అరిచారు. ఆ వెంటనే పందిరంతా అరిచింది. వెళ్ళిపోయిన రాణి మళ్ళీ కోటలోకొచ్చి, మళ్ళీ నిందపడి, మళ్ళీ వెళ్ళిపోయింది. టీవీవాళ్ళు ఒక్క చెంపదెబ్బను మూడుసార్లు చూపిస్తారు, ఎవరూ అడక్కుండానే. ఇక్కడ జనమే అడిగారు. అండాలు ఆనందం అంతా ఇంతా కాదు.

ఆట ముగిశాక గోపమ్మవ్వ తెర వెనక్కి వచ్చింది. "రేపేమైతది బిడ్డా, రాణికి?"

"కథ ఇయ్యాల్నే ఒడిసింది గదనే అవ్వా."

అవ్వకు నమ్మబుద్ధి కాలేదు. రేపు కూడా వస్తానంది. అండాలు కిరీటం తీయబోతుంటే, పక్కనే నరహరి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. రేపు మీరు నకిరేకల్ రావద్దు. మా రాణి మాకున్నది."